మార్కు, ర్యాంకు, సీటు: మూడింటికీ మూడు లెక్కలు

ఇంటర్‌లో ఎంపీసీ తీసుకున్న పిల్లల ఇళ్లలో రెండేళ్లపాటు నలిగే ప్రశ్న ఒక్కటే: ర్యాంకు ఎంత వస్తుంది? ర్యాంకు కార్డు చేతికొచ్చిన రోజు నుంచి అసలు ప్రశ్నలు ముసురుకుంటాయి. ఏ కాలేజీ వస్తుంది? కంప్యూటర్ సైన్స్ (సీఎస్‌ఈ) దొరుకుతుందా? ఫీజులో ప్రభుత్వం ఎంత ఇస్తుంది, మనం ఎంత కట్టాలి? వీటిలో చాలావాటికి జవాబులు అప్పటికే ఖాయమైపోయి ఉంటాయి. ఇంటర్ ఏ రాష్ట్రంలో చదివారు, కుల ధ్రువపత్రం ఏ నమూనాలో తీసుకున్నారు, ఐఐటీ, ఎన్‌ఐటీల ప్రవేశ పరీక్ష జేఈఈ మీద ఎన్ని నెలలు పెట్టారు, మొదటి ఏడాది పాఠాలను ఎంత మరచిపోయారు అన్నవాటిని బట్టే అవి తేలిపోతాయి. మార్కు ర్యాంకుగా మారేచోట ఒక లెక్క ఉంది. ర్యాంకు సీటుగా మారేచోట మరొకటి. ఆ సీటు ఇంటి ఖర్చుగా మారేచోట ఇంకొకటి. కష్టపడి చదివిన పిల్లలు కూడా ఎక్కువగా నష్టపోయేది ఈ మలుపుల దగ్గరే. కాబట్టి ఒక్కోదాన్నీ విడదీసి చూద్దాం.

ఇంటర్ ఎక్కడ చదివారన్నది రెండు చోట్ల రెండు రకాలుగా లెక్కకొస్తుంది

పదో తరగతి అవగానే విజయవాడ నుంచి హైదరాబాద్‌కో, ఖమ్మం నుంచి విజయవాడకో పిల్లల్ని ఇంటర్‌కు పంపడం మామూలే. హాస్టలు, ఫీజు, కాలేజీ పేరు చూసుకుంటారు తప్ప స్థానికత సంగతి ఆ పూట ఎవరికీ గుర్తురాదు.

రాష్ట్ర ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో 85 శాతం సీట్లు స్థానికులవి. వరుసగా నాలుగేళ్లు, అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు ఒకే ప్రాంతంలో చదివితే అక్కడ స్థానికులవుతారు. అలా కుదరకపోతే ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా ఏడేళ్లు తీసుకుని, ఎక్కువ కాలం ఎక్కడ చదివారో చూస్తారు. కౌన్సెలింగ్‌లో ఆరు నుంచి ఇంటర్ వరకూ స్టడీ సర్టిఫికెట్లు అడిగేది ఇందుకే. పదో తరగతి వరకు విజయవాడలో చదివి ఇంటర్ రెండేళ్లు హైదరాబాద్‌లో చదివిన అమ్మాయి ఈ లెక్కన ఆంధ్రప్రదేశ్ స్థానికురాలే. మిగతా 15 శాతంలోనైనా తెలంగాణలో సీటు తెచ్చుకోవచ్చనే ఆశ ఒకప్పుడు ఉండేది. విభజన చట్టంలోని పదేళ్ల ఉమ్మడి ప్రవేశాల గడువు 2024 జూన్‌తో ముగిసింది. 2025 నుంచి ఆ 15 శాతాన్ని కూడా తెలంగాణ ప్రభుత్వం తెలంగాణతో సంబంధం ఉన్నవారికే పరిమితం చేసింది.

జేఈఈ ర్యాంకుతో చేరే ఎన్‌ఐటీలకొస్తే లెక్క పూర్తిగా మారిపోతుంది. అక్కడ సగం సీట్లు సొంత రాష్ట్రం కోటావి. సొంత రాష్ట్రమంటే ఇంటర్ పరీక్ష మొదటిసారి ఏ రాష్ట్రం నుంచి రాశారో అదే. పుట్టిన ఊరితో, తల్లిదండ్రుల చిరునామాతో పనిలేదు. పైన చెప్పిన అమ్మాయి వరంగల్ ఎన్‌ఐటీలో తెలంగాణ కోటాకు, ఏపీ ఈఏపీసెట్‌లో ఆంధ్ర స్థానికతకు అర్హురాలవుతుంది. ఖమ్మం నుంచి విజయవాడ వెళ్లి చదివిన అబ్బాయికి తాడేపల్లిగూడెంలోని ఎన్‌ఐటీ ఆంధ్రప్రదేశ్ సొంత రాష్ట్రపు సంస్థ అవుతుంది, వరంగల్‌లో అతను బయటి రాష్ట్రం వాడు. రెండు కోటాల కటాఫ్‌ల మధ్య తేడా చిన్నదేమీ కాదు. ఐఐటీల్లో, జేఈఈతో చేరే ట్రిపుల్ఐటీల్లో ఈ సొంత రాష్ట్రం కోటా లేదు.

ఈఏపీసెట్‌కు ఆంధ్రప్రదేశ్‌లో లోపల మరో విభజన కూడా ఉంది: ఆంధ్రా యూనివర్సిటీ ప్రాంతం, శ్రీవేంకటేశ్వర యూనివర్సిటీ ప్రాంతం. కడపలో చదివిన విద్యార్థి విశాఖ కాలేజీ కటాఫ్ చూసేటప్పుడు ఏయూ వరుసలోని ర్యాంకు తనకు వర్తించదని గుర్తుంచుకోవాలి. తన ఎస్వీయూ వరుసనే చూడాలి.

ఈఏపీసెట్ చదువు వేరు, జేఈఈ చదువు వేరు

ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలు: గణితం 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. సమయం మూడు గంటలు. ఒక్కో ప్రశ్నకు ఒక మార్కు, తప్పుకు కోత లేదు. లెక్కేస్తే ప్రశ్నకు 67 సెకన్లు దక్కుతాయి. జేఈఈ మెయిన్‌లో అదే మూడు గంటల్లో 75 ప్రశ్నలే, సబ్జెక్టుకు 25 చొప్పున. ఒక్కోదానికి 144 సెకన్లు. సరైన జవాబుకు 4 మార్కులు, తప్పుకు ఒకటి కోత, మొత్తం 300. ఈ అంకెలు చూస్తేనే తెలుస్తుంది, ఒకటి వేగాన్ని పరీక్షిస్తుంది, రెండోది లోతును. జేఈఈకి బాగా తయారైతే ఈఏపీసెట్ దానంతటదే వచ్చేస్తుందన్న మాట సగమే నిజం. విషయం వస్తుంది, వేగం రాదు. జేఈఈ స్థాయిలో చదివిన విద్యార్థి ఈఏపీసెట్ గణితంలో ఒక్కో లెక్కనూ మొదటి నుంచి చివరిదాకా పద్ధతిగా చేసుకుంటూ వెళితే, సమయం అయిపోయేసరికి ఇంకా పాతిక ప్రశ్నలు తెరవకుండానే మిగిలిపోతాయి.

దీనికి తోడు సిలబస్ తేడా ఉంది. 2024లో జేఈఈ మెయిన్ సిలబస్‌ను తగ్గించినప్పుడు కెమిస్ట్రీలో పదార్థ స్థితులు, ఉపరితల రసాయన శాస్త్రం, హైడ్రోజన్, ఎస్ బ్లాక్ మూలకాలు వంటి అధ్యాయాలు పోయాయి. ఈఏపీసెట్ నడిచేది ఇంటర్ బోర్డు సిలబస్‌తో. జేఈఈ బ్యాచిలో కూర్చున్న పిల్లలు ఈ పాఠాలను వదిలేస్తే, ఈఏపీసెట్ కెమిస్ట్రీలో చదివితే వచ్చే మార్కులే పోతాయి. ఏ పాఠాలున్నాయో ఆ ఏడాది నోటిఫికేషన్‌తో పాటు ఇచ్చే సిలబస్‌తో సరిచూసుకోవాలి, ఎందుకంటే ఇంటర్ సిలబస్‌లు కూడా మారుతున్నాయి.

అందరూ రెండూ సమానంగా చదవాలా? అక్కర్లేదు. ఈ మాట సూటిగా చెప్పాలి, ఎందుకంటే మొహమాటంతో ఏడాదిన్నర గడిపేసేవాళ్లు చాలామంది. ఇంటర్ మొదటి ఏడాది చివర్లో జేఈఈ మెయిన్ పాత పేపర్లు మూడు, పూర్తయిన పాఠాల వరకే, సమయం పెట్టుకుని రాయండి. కూర్చుని ఆలోచిస్తే సగానికి పైగా ప్రశ్నలు కొలిక్కి వస్తున్నాయంటే జేఈఈని ప్రధానంగా పెట్టుకోవచ్చు. పేపరు చూడగానే ఏ పాఠంలోదో కూడా తేలడం లేదంటే, ఈఏపీసెట్‌ను ప్రధానంగా పెట్టుకుని జేఈఈ మెయిన్‌ను అదనపు అవకాశంగా రాయడం తెలివైన పని. కేవలం హోదా కోసం ఐఐటీ బ్యాచిలో ఉండిపోతే రెండింటికీ చెడతారు.

నెలల లెక్క కూడా చూసుకోవాలి. జేఈఈ మెయిన్ మొదటి విడత జనవరిలో, రెండోది ఏప్రిల్‌లో. రెండింటిలో మెరుగైన స్కోరే నిలుస్తుంది. మధ్యలో ఇంటర్ ప్రాక్టికల్స్, బోర్డు పరీక్షలు. ఆ తర్వాత కొద్ది వారాలకే ఈఏపీసెట్. అంటే జనవరి పరీక్ష నాటికి రెండో ఏడాది సిలబస్ పూర్తి కాకపోతే ఆ విడత అనుభవం కోసం రాసినట్టే అవుతుంది. బోర్డు పరీక్షలకు వివరణాత్మక జవాబులు రాసే నెలన్నరలో బిట్ల వేగం తగ్గిపోతుంది. అందుకే ఆ రోజుల్లోనూ రోజుకు ఒక అరగంట, ఏదో ఒక పాఠం నుంచి పాతిక బిట్లు గడియారం పెట్టుకుని చేస్తే మార్చి తర్వాత మళ్లీ మొదలుపెట్టాల్సిన అవసరం ఉండదు.

చదివేదాంట్లో ఎక్కడ మార్కులు పోతాయి

ఈఏపీసెట్‌లో దగ్గరదగ్గర సగం ప్రశ్నలు మొదటి ఏడాది పాఠాల నుంచి వస్తాయి. రెండో ఏడాదిలో కూర్చున్నాక త్రికోణమితి, సరళరేఖలు, సదిశలు ముట్టుకోని విద్యార్థి పరీక్షకు నెలముందు వాటిని కొత్త పాఠాల్లా చదవాల్సి వస్తుంది. వారానికి ఒక పూట మొదటి ఏడాదికి కేటాయించడం, అదీ పాఠం చదవడం కాకుండా 40 బిట్ల టెస్టు రాయడం, దీనికి సరిపోతుంది.

పరీక్షలో వరుస గురించి: చాలామందికి పనిచేసేది కెమిస్ట్రీతో మొదలుపెట్టడం. అందులో తెలిస్తే తెలుసు, లేకపోతే లేదు. 40 ప్రశ్నలకు 25 నుంచి 30 నిమిషాలు. తర్వాత ఫిజిక్స్‌కు 45 నిమిషాలు. గణితానికి 100 నిమిషాలు మిగులుతాయి. ఆఖరి ఐదు నిమిషాలు ఖాళీలు నింపడానికి. కోత లేని పరీక్షలో ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలకూడదు. 20 ప్రశ్నలు గుడ్డిగా గుర్తించినా సగటున 5 మార్కులు వస్తాయి. ర్యాంకుల మధ్యభాగంలో ఒక్క మార్కు తేడాలోనే వందలమంది ఉంటారు కాబట్టి ఈ అయిదు మార్కుల విలువ చిన్నది కాదు.

గణితంలో ఆప్షన్లను వాడుకోవడం నేర్చుకోవాలి. బిందుపథం సమీకరణం అడిగితే షరతుకు సరిపోయే ఒక బిందువు తీసుకుని నాలుగు ఆప్షన్లలో ప్రతిక్షేపించడం, n ఉన్న శ్రేఢి మొత్తానికి n విలువ 1, 2 పెట్టి చూడటం, త్రికోణమితి సర్వసమీకరణంలో కోణానికి 30 లేదా 45 డిగ్రీలు ఇచ్చి సరిచూడటం. అయితే ఒక జాగ్రత్త: ఎంచుకున్న విలువకు రెండు ఆప్షన్లు ఒకే జవాబు ఇస్తే అక్కడే ఆగిపోకుండా ఇంకో విలువ పెట్టాలి. 0, 1, 45 డిగ్రీలు ఇలా తరచుగా మోసం చేస్తాయి.

జేఈఈలో కోత ఉంది కనుక లెక్క మరోలా ఉంటుంది. నాలుగు ఆప్షన్లలో గుడ్డిగా ఒకటి పెడితే సగటు రాబడి పావు మార్కు మాత్రమే, దానికోసం సాహసం చేయనక్కర్లేదు. ఒక ఆప్షన్ తప్పని కచ్చితంగా తెలిస్తే ఆ సగటు సుమారు 0.67, రెండు తప్పని తెలిస్తే 1.5. రెండు ఆప్షన్లు కొట్టేయగలిగిన ప్రశ్నను వదిలేయడం నష్టం. సంఖ్యా జవాబు రాయాల్సిన ప్రశ్నలు సబ్జెక్టుకు 5 చొప్పున ఉంటాయి. అక్కడ ఊహకు తావులేదు, తప్పుకు కోత మాత్రం ఉంది.

మాక్ టెస్టులు ఎన్ని రాశారన్నదాని కంటే రాసిన తర్వాత ఏం చేశారన్నదే ముఖ్యం. తప్పైన ప్రతి ప్రశ్ననూ మూడు రకాలుగా విడదీయాలి: పాఠమే రానివి, వచ్చినా తప్పు చేసినవి, సమయం చాలక వదిలినవి. మొదటి రకానికి మందు పాఠ్యపుస్తకం. రెండో రకానికి ఒక నోటుబుక్కు పెట్టి ఏ మెట్టులో తప్పు జరిగిందో ఒక్క వాక్యంలో రాయాలి. గుర్తు మార్చడం మరచిపోయాను, యూనిట్లు చూడలేదు, ‘సరికానిది’ అన్న పదం చదవలేదు అని. నాలుగు టెస్టుల తర్వాత ఆ పుస్తకం చూస్తే అవే మూడు నాలుగు తప్పులు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. మూడో రకానికి మందు వేగం కాదు, ఏ ప్రశ్నను వదిలేయాలో త్వరగా తెలుసుకోవడం. రెండు నిమిషాలు దాటినా దారి దొరకని లెక్కను గుర్తుపెట్టి ముందుకు పోవాలి. మూడు గంటల టెస్టుకు మూడు గంటల విశ్లేషణ చేయని విద్యార్థికి ఇరవయ్యో టెస్టులోనూ మొదటి టెస్టు మార్కులే వస్తాయి.

మార్కు ర్యాంకుగా ఎలా మారుతుంది

రెండు పరీక్షలూ చాలా పూటల్లో జరుగుతాయి. ఒక పూట పేపరు సులువు, ఒక పూట కష్టం. అందుకని ముడి మార్కులను నేరుగా పోల్చరు. జేఈఈ మెయిన్‌లో ఆ పూట రాసినవారిలో మీతో సమానంగా గానీ తక్కువగా గానీ మార్కులు వచ్చినవారు ఎంత శాతమో అదే మీ పర్సంటైల్. 99 పర్సంటైల్ అంటే నూటికి 99 మార్కులని చాలామంది తల్లిదండ్రులు అనుకుంటారు. పైన సుమారు ఒక శాతం మంది ఉన్నారని మాత్రమే దాని అర్థం. 12 లక్షల మంది రాస్తే ఆ ఒక శాతమే 12,000 మంది. కేవలం పర్సంటైల్ చూసి సంబరపడకుండా దాన్ని ర్యాంకుగా మార్చి చూసుకోవాలి. ఐఐటీలకు జేఈఈ అడ్వాన్స్‌డ్ రాయాలంటే మెయిన్‌లో అన్ని కేటగిరీలూ కలిపి పైనున్న సుమారు 2,50,000 మందిలో ఉండాలి. అడ్వాన్స్‌డ్‌ను వరుసగా రెండేళ్లలో రెండుసార్లే రాయనిస్తారు. లాంగ్ టర్మ్‌కు, అంటే మరో ఏడాది కోచింగ్‌కు వెళ్లాలనుకునేవాళ్లు ఈ షరతును ముందే లెక్కలోకి తీసుకోవాలి.

ఈఏపీసెట్‌లో రాష్ట్రాన్ని బట్టి ఇంటర్ మార్కుల పాత్ర మారుతుంది. తెలంగాణ ఇంటర్ వెయిటేజీని తీసేసింది. ర్యాంకుకు ప్రవేశ పరీక్ష మార్కులే ఆధారం. అయినా గ్రూపు సబ్జెక్టుల్లో 45 శాతం, రిజర్వేషన్ వర్గాలకు 40 శాతం ఉండాలి. ఆంధ్రప్రదేశ్‌లో పరీక్షకు 75 శాతం, ఇంటర్ గ్రూపు మార్కులకు 25 శాతం వెయిటేజీ 2023 నుంచి తిరిగి అమల్లోకి వచ్చింది. గ్రూపు మార్కులు 600కి ఉన్న పద్ధతిలో లెక్కేస్తే, ఇంటర్‌లో 11 మార్కులు ఈఏపీసెట్‌లో ఒక్క మార్కుకు దాదాపు సమానం. ఇంటర్‌లో 570 వచ్చిన విద్యార్థికి 525 వచ్చిన వాడి కంటే నాలుగు ఈఏపీసెట్ మార్కుల ఆధిక్యం ముందే ఉంటుంది. అంతకు మించి లేదు, అంతకు తక్కువా లేదు. ఎన్‌ఐటీ, ట్రిపుల్ఐటీ, ఐఐటీల్లో చేరాలంటే మాత్రం ఇంటర్‌లో 75 శాతం (ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 65) లేదా బోర్డులో పై 20 పర్సంటైల్‌లో స్థానం తప్పనిసరి.

ఈఏపీసెట్‌లో అర్హత మార్కులు 160కి 40. ఎస్సీ, ఎస్టీలకు కనీస మార్కుల నిబంధన లేదు.

బ్రాంచి పేరు వెనక ఏముందో చూడాలి

కోర్సు ఎంపికలో పెద్ద తికమక సీఎస్‌ఈ చుట్టూ పెరిగిన పేర్లతో వచ్చింది. ఆన్‌లైన్‌లో కాలేజీ, బ్రాంచి ఎంచుకునే తెలంగాణ వెబ్ ఆప్షన్లలో సీఎస్‌ఈ పక్కనే సీఎస్‌ఎం అంటే ఏఐ, మెషిన్ లెర్నింగ్, సీఎస్‌డీ అంటే డేటా సైన్స్, సీఎస్‌సీ అంటే సైబర్ సెక్యూరిటీ, సీఎస్‌ఓ అంటే ఐఓటీ. ఇవి కాక ఐటీ వేరేగా. బీటెక్‌లో ఈ శాఖలన్నింటికీ మొదటి రెండేళ్లు ఇంచుమించు ఒకటే: గణితం, ప్రోగ్రామింగ్, డేటా స్ట్రక్చర్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్, డీబీఎంఎస్. మూడో ఏడాది నుంచి కొన్ని సబ్జెక్టులు, ల్యాబ్‌లు, ఎలక్టివ్‌లు మారతాయి. ఉద్యోగాలిచ్చే కంపెనీలు ప్రకటనల్లో వీటన్నింటినీ కంప్యూటర్ సంబంధిత బ్రాంచిలుగానే కలిపి పిలుస్తాయి. కాబట్టి మంచి కాలేజీలో సీఎస్‌డీ వస్తుంటే, దాన్ని కాదని ఎక్కడో మామూలు కాలేజీలో ‘అసలు సీఎస్‌ఈ’ వెతుక్కోవడం దండగ. తిరగేసి చూసినా అంతే. ఏఐ పేరు ఉంది కదాని, బోధించే అధ్యాపకులు లేని కాలేజీలో చేరితే సర్టిఫికెట్ మీద ఆ పేరు మిగులుతుంది.

అధ్యాపకుల సంగతి ఇప్పుడు ముందెప్పటి కంటే ముఖ్యం. 2024-25 నుంచి సాంకేతిక విద్యను నియంత్రించే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ ఒక బ్రాంచిలో సీట్లకున్న గరిష్ఠ పరిమితిని షరతులతో ఎత్తేసింది. దాంతో కొన్ని కాలేజీల్లో కంప్యూటర్ శాఖల సెక్షన్లు వేగంగా పెరిగాయి. 20 మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు అన్నది నిబంధన. కాలేజీకి వెళ్లినప్పుడు సీఎస్‌ఈ, దాని అనుబంధ శాఖలన్నీ కలిపి ఎన్ని సీట్లు, ఎంతమంది అధ్యాపకులు, వారిలో పీహెచ్‌డీ ఎంతమందికి అని అడగండి. వెబ్‌సైటులో అధ్యాపకుల జాబితా ఉంటుంది. అందులో పేర్లు లెక్కపెట్టడానికి పది నిమిషాలు చాలు.

కంప్యూటర్ కాని బ్రాంచిల గురించి తెలిసింది తక్కువ, భయం ఎక్కువ. ఈసీఈ (ఎలక్ట్రానిక్స్)లో సిగ్నల్స్, కమ్యూనికేషన్, చిప్ డిజైన్ ఉంటాయి. గణితం గట్టిగా కావాలి, ప్రోగ్రామింగ్ కూడా తోడైతే సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఈసీఈ వారినీ పిలుస్తాయి. ఈఈఈ (ఎలక్ట్రికల్)లో యంత్రాలు, విద్యుత్ సరఫరా వ్యవస్థలు. ట్రాన్స్‌కో, జెన్‌కో, డిస్కమ్‌లలో అసిస్టెంట్ ఇంజినీరు పోస్టులకు ప్రధాన దారి ఇదే. సివిల్ చదివినవారికి రాష్ట్రంలో నీటిపారుదల, రోడ్లు భవనాలు, పంచాయతీరాజ్ శాఖల ఏఈ, ఏఈఈ ఉద్యోగాలున్నాయి. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో తెలియకపోవడమే అందులో ఇబ్బంది. మెకానికల్, ఎలక్ట్రికల్, సివిల్, ఈసీఈ వారికి గేట్ స్కోరుతో ప్రభుత్వ రంగ సంస్థలు, ఐఐటీల్లో ఎంటెక్ దారులున్నాయి. కెమికల్ ఇంజినీరింగ్ అంటే ఇంటర్ కెమిస్ట్రీ కొనసాగింపని చేరి నిరాశపడేవారు ఏటా ఉంటారు. అక్కడ ఎక్కువ భాగం వేడి, ద్రవాల ప్రవాహం, సమీకరణాలే. బ్రాంచి మీద ఆసక్తి ఉందో లేదో తేల్చుకోవడానికి ఉన్న సులువైన మార్గం ఆ యూనివర్సిటీ రెండో, మూడో ఏడాది సిలబస్ తెరిచి సబ్జెక్టుల పేర్లు, ఒక్కోదాని మొదటి యూనిట్ చదవడం. ఒక సాయంత్రం పని. నాలుగేళ్ల నిర్ణయానికి అదేమీ ఎక్కువ కాదు.

మరి మంచి కాలేజీలో ఈసీఈ, ఈఈఈనా, మామూలు కాలేజీలో సీఎస్‌ఈనా? ప్రోగ్రామింగ్ తప్ప వేరే ఏదీ వద్దని పిల్లలే గట్టిగా అనుకుంటున్నారంటే సీఎస్‌ఈ. అంత గట్టిగా లేకపోతే మంచి కాలేజీ. తోటి విద్యార్థుల స్థాయి, ల్యాబ్‌లు, క్యాంపస్‌కు వచ్చే కంపెనీలు బ్రాంచి పేరు కంటే ఎక్కువ పనిచేస్తాయి.

కాలేజీ మంచిదో కాదో చెప్పే గుర్తులు ప్రచార హోర్డింగుల మీద ఉండవు. న్యాక్ గ్రేడు మొత్తం కాలేజీకి ఇచ్చేది, ఎన్‌బీఏ గుర్తింపు ఒక్కో బ్రాంచికి విడిగా ఇచ్చేది. కాలేజీకి న్యాక్ ఏ గ్రేడ్ ఉన్నా మీరు చేరే బ్రాంచికి ఎన్‌బీఏ ఉందో లేదో విడిగా చూడాలి. అటానమస్ కాలేజీలు తమ సిలబస్, ప్రశ్నపత్రాలు తామే తయారు చేసుకుంటాయి, పట్టా మాత్రం యూనివర్సిటీ ఇస్తుంది. ప్లేస్‌మెంట్ అంకెల్లో మూడు ప్రశ్నలు అడగాలి. చెప్పిన సంఖ్య ఆఫర్లదా, విద్యార్థులదా (ఒకరికే మూడు ఆఫర్లు వస్తే మూడుగా లెక్కపెట్టే అలవాటు ఉంది)? శాతం చివరి ఏడాది అందరి మీదా, బ్యాక్‌లాగులు లేని ‘అర్హుల’ మీద మాత్రమేనా? అత్యధిక ప్యాకేజీ సరే, వరుసలో మధ్యలో నిలబడ్డ విద్యార్థికి వచ్చిన జీతమెంత?

వెబ్ ఆప్షన్లలో ఏ వరుస పెట్టాలి

సీటు కేటాయింపు పద్ధతి అర్థమైతే సగం భయం పోతుంది. కంప్యూటర్ ర్యాంకుల వరుసలో ఒక్కొక్కరినీ తీసుకుంటుంది. మీ వంతు వచ్చినప్పుడు మీ జాబితాను పై నుంచి కిందికి చదువుతుంది. మీ కేటగిరీలో ఖాళీ ఉన్న మొదటి ఆప్షన్ ఇచ్చేసి ఆగిపోతుంది. అంతే. పైన రాని కాలేజీలు పెడితే కింద వచ్చేది కూడా పోతుందన్నది పూర్తి అపోహ. రాని ఆప్షన్ వల్ల ఒక్క మార్కంత నష్టం కూడా లేదు. నిజమైన నష్టం రెండు చోట్ల ఉంది: ఇష్టంలేని కాలేజీని ‘వచ్చేలా ఉంది’ అని పైన పెట్టడం, ఆప్షన్లు తక్కువ పెట్టి అసలు సీటే రాకపోవడం.

జాబితా తయారీకి గత ఏడాది చివరి ర్యాంకుల పట్టిక తీసుకోండి. మీ కేటగిరీ, అమ్మాయా అబ్బాయా, మీ స్థానిక ప్రాంతం ఉన్న గడినే చూడాలి. అమ్మాయిలకు మూడో వంతు రిజర్వేషన్ ఉంది కాబట్టి రెండు గడులూ వేర్వేరుగా ఉంటాయి. ఏ విడత పట్టికో కూడా చూడాలి, ఎందుకంటే చివరి విడత నాటికి కటాఫ్ కిందికి జారుతుంది. మీ ర్యాంకు 18,000 అనుకుందాం. పోయినేడు 9,000 దగ్గర ఆగిన కాలేజీల నుంచి 40,000 దగ్గర ఆగినవాటి దాకా అన్నింటినీ కాగితం మీద రాసుకోవాలి. ఆ తర్వాత ర్యాంకులు చెరిపేసి, ఇష్టం ప్రకారం వరుస మార్చాలి. ప్రతి జతనూ చూసి ఒకటే ప్రశ్న వేసుకోండి: ఈ రెండూ వస్తే ఏది తీసుకుంటాను? అదే పైన ఉండాలి. సీట్ల సంఖ్య మారినప్పుడు, కొత్త కాలేజీలు వచ్చినప్పుడు పోయినేటి కటాఫ్ వేల ర్యాంకులు అటూ ఇటూ అవుతుంది కాబట్టే అంత వెడల్పు వల కావాలి.

ఆప్షన్లు నమోదు చేసేటప్పుడు కాలేజీ పేరు కాకుండా కోడ్ చూసి పెట్టాలి. ఒకే యాజమాన్యం కింద దాదాపు ఒకే పేరుతో రెండు మూడు కాలేజీలుండటం ఇక్కడ సాధారణం. వాటిలో ఒకటి పాతది, ఒకటి నిన్నమొన్నటిది కావచ్చు. సేవ్ చేశాక ప్రింటు తీసి, కాగితం మీది జాబితాతో ఇద్దరు కలిసి సరిచూడాలి. నెట్ సెంటర్‌లో వేరొకరి చేతికి పాస్‌వర్డు, ఓటీపీ ఇచ్చి వచ్చేయడం ఎంతమాత్రం పనికిరాదు. తెలంగాణ 2025లో మాక్ అలాట్‌మెంట్ తెచ్చింది. అది వచ్చిన తర్వాత జాబితా మార్చుకోవడానికి అవకాశం ఉంటుంది, దాన్ని వాడుకోవాలి.

తర్వాతి విడతలో జరిగే పొరపాటు మరీ బాధ కలిగిస్తుంది. మొదటి విడతలో వచ్చిన సీటు ఉంచుకుని రెండో విడతలో మళ్లీ ఆప్షన్లు పెట్టినప్పుడు, కొత్తది వస్తే పాతది దానంతటదే రద్దవుతుంది. వెనక్కి వెళ్లే దారి లేదు. కాబట్టి చేతిలో ఉన్నదాని కంటే కచ్చితంగా మెరుగైనవి మాత్రమే పెట్టాలి. అలాంటివి రెండే ఉంటే రెండే పెట్టాలి. ఐఐటీ, ఎన్‌ఐటీ, ట్రిపుల్ఐటీ సీట్లకు ఉమ్మడిగా జరిగే జోసా కౌన్సెలింగ్‌లో ఇదే పనికి మూడు మాటలున్నాయి: ఫ్రీజ్ అంటే వచ్చింది చాలు, స్లైడ్ అంటే అదే సంస్థలో పై బ్రాంచి వస్తే చాలు, ఫ్లోట్ అంటే జాబితాలో పైనున్న ఏదైనా సరే.

కాగితాలు, డబ్బు

జోసాలో ఓబీసీ సీటు కోరుకునేవారు రాష్ట్ర బీసీ సర్టిఫికెట్ పట్టుకెళితే సరిపోదు. కేంద్ర నమూనాలో, ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత తీసుకున్న నాన్ క్రీమీలేయర్ పత్రం కావాలి. రాష్ట్ర బీసీ జాబితాలో ఉన్న కొన్ని కులాలు కేంద్ర ఓబీసీ జాబితాలో లేవు. జేఈఈ దరఖాస్తు నింపే ముందే ఇది చూసుకోవాలి. ఈడబ్ల్యూఎస్ పత్రం కూడా ఆ ఆర్థిక సంవత్సరానిదే చెల్లుతుంది. మీసేవలో, సచివాలయంలో మే, జూన్ నెలల్లో రద్దీ ఉంటుంది కాబట్టి ఏప్రిల్ రెండో వారంలోనే దరఖాస్తు పెట్టడం మంచిది.

ఫీజు రీయింబర్స్‌మెంట్‌ను ఆప్షన్ల వరుసతో కలిపి చూడాలి. తెలంగాణలో అర్హులైన బీసీ, ఈబీసీ విద్యార్థులకు ర్యాంకు 10,000 లోపు ఉంటే పూర్తి ఫీజు, ఆపైన ఏడాదికి 35,000 రూపాయల వరకు వస్తుంది. ఏడాదికి 1,00,000 ఫీజు ఉన్న కాలేజీలో చేరితే ఇంటి నుంచి పెట్టాల్సింది 65,000, నాలుగేళ్లకు 2,60,000. హాస్టలు, బస్సు దీనికి అదనం. అర్హులైన ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు ఈ పరిమితి లేదు. ఆంధ్రప్రదేశ్‌లో పథకం పేరు, చెల్లింపు పద్ధతి ప్రభుత్వాలతో పాటు మారుతూ వచ్చాయి కనుక చేరే ఏడాది ఉత్తర్వులే ఆధారం. మేనేజ్‌మెంట్ కోటాలో, స్పాట్ అడ్మిషన్‌లో చేరినవారికి రీయింబర్స్‌మెంట్ రాదు. అదే కాలేజీలో బ్రాంచి మారాలనుకుంటే చివరి విడత తర్వాత కన్వీనర్ నిర్వహించే ఇంటర్నల్ స్లైడింగ్ దాకా ఆగడం దీనివల్లే మేలు.

ఏప్రిల్, మే నెలల్లోనే బీ కేటగిరీ, అంటే మేనేజ్‌మెంట్ కోటా సీట్లకు కాలేజీలు ఫోన్లు చేస్తాయి, ‘ఇప్పుడే బుక్ చేసుకోకపోతే దొరకదు’ అంటాయి. ప్రైవేటు కాలేజీల్లో 30 శాతం సీట్లు ఆ కోటావే, కానీ నోటిఫికేషన్ రాకముందు తీసుకునే డబ్బుకు సరైన రసీదు ఉండదు. రసీదు ఇవ్వని చోట ఒక్క రూపాయి కూడా కట్టకండి. కన్వీనర్ సీటులో, అంటే కౌన్సెలింగ్ ద్వారా వచ్చిన సీటులో చేరేటప్పుడు టీసీ తప్ప మిగతా ఒరిజినల్ సర్టిఫికెట్లను సరిచూసి తిరిగి ఇచ్చేయాలి. కాలేజీ తన దగ్గరే ఉంచుకోవడానికి ఏఐసీటీఈ నిబంధనలు ఒప్పుకోవు. ప్రవేశాల గడువులోపల సీటు రద్దు చేసుకుంటే గరిష్ఠంగా 1,000 రూపాయలు మినహాయించి మిగతా ఫీజు తిరిగి ఇవ్వాలని కూడా అవే నిబంధనలు చెబుతున్నాయి. జోసాలో ఆలస్యంగా ఎన్‌ఐటీ సీటు వచ్చిన విద్యార్థికి ఈ రెండూ అవసరమవుతాయి. అందుకే ఈఏపీసెట్ కాలేజీలో రిపోర్టు చేసే రోజునే రద్దుకు చివరి తేదీ ఎప్పుడో అడిగి, ఫీజు రసీదు వెనక రాసుకోవాలి.